ఎముకల వైద్యం కరపత్రాలు: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని చాలావరకు ఒక్క విషయం మీదే సాగింది. పిండికట్టు వేయించుకున్నవారికి, మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవారికి డిశ్చార్జి కాగితాలతో ఇచ్చే జాగ్రత్తల కరపత్రాలు ఇంట్లోవాళ్లకు అర్థమవుతున్నాయా అని చూశాం. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు సభ్యులు తమ ఇళ్లలో ఉన్నవి తెచ్చి ఇచ్చారు. ఎక్కువ భాగం ఇంగ్లీషు నుంచి మక్కికి మక్కి దించినవే. మంచు మీద జారిపడకండి అని ఉంటుంది గానీ, గోదావరి దాటించే పంటు ఎలా ఎక్కాలో, నేల మీద పీట వేసుకుని తినొచ్చో లేదో ఉండదు.

రోగులకిచ్చే సమాచారం ఆరో తరగతి స్థాయి దాటకూడదని అమెరికా వైద్య సంఘం సూచన. అక్కడి ఎముకల విభాగం కరపత్రాలే ఆ గీత దాటుతున్నాయని పరిశోధనలు పదేపదే తేల్చాయి. ఆ కొలతకు వాడే ఫ్లెష్-కిన్‌కెయిడ్ సూత్రం 1975లో అమెరికా నౌకాదళం కోసం తయారైంది. వాక్యం పొడవు, మాటలో పలుకుల (సిలబుల్స్) సంఖ్య చూసి అది తరగతి చెబుతుంది. తెలుగుకు అది అతకదు. ‘వేలాడదీయకూడదు’ ఎంత పొడవున్నా అందరికీ తెలుసు, రెండక్షరాల ‘శోథ’ (వాపు) ఎవరికీ తెలియదు. అందుకే మేం సూత్రం జోలికి పోలేదు. కరపత్రం చదివించి, పక్కన పెట్టించి, ‘ఇప్పుడు ఇంటికెళ్లి ఏం చేస్తారు?’ అని అడిగాం. జవాబు తడబడిన చోటల్లా తిరగరాశాం. ముద్రణకు ముందు ఎముకల డాక్టరు, ఫిజియోథెరపిస్టు ప్రతి వాక్యం సరిచూశారు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పిండికట్టు కాగితానికే పట్టింది. ‘రక్తప్రసరణ లోపం గమనించినయెడల వైద్యుని సంప్రదించవలెను’ అన్న ముక్క ఎక్కడో అడుగున ఉండేది. దాన్ని మొదటికి తెచ్చి ఇలా మార్చాం: ‘కట్టు బయట ఉన్న వేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. ఎర్రబడకపోయినా, వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. తెల్లారేదాకా ఆగొద్దు.’ విరిగిన చోట నొప్పి మామూలేగా అని ఇంకో మాత్ర వేసి పడుకోబెట్టడం దగ్గరే ముప్పు మొదలవుతుంది. లోపల వాపు పెరిగి నెత్తురు అందకపోతే కండరం కొన్ని గంటల్లోనే చచ్చిపోతుంది. నాటు వైద్యుల వెదురుబద్దల కట్టుకూ ఇదే పరీక్ష పనికొస్తుందని కింద చేర్చాం. అక్కడికి వెళ్లొద్దని తిట్టే కాగితాన్ని ఎవరూ రెండో లైను దాకా చదవరు.

‘చెయ్యి ఎత్తులో ఉంచండి’ అంటే ఎంత ఎత్తు? గుండె కన్నా పైకి, దిళ్ల మీద, మొదటి రెండు మూడు రోజులు అని రాశాం. కట్టు పూర్తిగా ఆరడానికి కూడా రెండు మూడు రోజులు పడుతుంది, ముసురు పడితే ఇంకా ఆలస్యం. దురద పుడితే కొబ్బరి ఈనె దూర్చడం మన దగ్గర మామూలు. ఈనె లోపల విరిగినా, చర్మం గీసుకున్నా అక్కడే చీము పడుతుంది.

మోకాలి కాగితంలో రెండు మార్పులు ముఖ్యం. దిండు మోకాలి కింద కాదు, చుట్టిన తువ్వాలు మడమ కింద. మోకాలు వంగి ఉంటే హాయిగానే ఉంటుంది గానీ, తర్వాత తిన్నగా చాపలేరు. గోదావరి పాయల మధ్య ఉండే లంక ఊళ్లలో వరద భయానికి ఇళ్లు ఎత్తుగా కడతారు కాబట్టి మెట్ల సంగతి ఇంటికొచ్చిన రోజే కావాలి: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు, కర్ర మంచి కాలి వైపు చేతిలో.

ఎముకల బలానికి ఇచ్చే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర వారానికి ఒక్కటే. రోజువారీ కాల్షియం పక్కనే రాస్తే అదీ రోజూ మింగేస్తారు. అందుకే వారంలో ఏ రోజు వేసుకోవాలో రాసుకునే గడి పెట్టాం. పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంట పడుకోకూడదు, టీ కూడా తాగకూడదు. పడుకుంటే మాత్ర గొంతు కింద అన్నవాహికలో ఆగి పుండు చేస్తుంది.

ముద్రణ సంగతులు. అక్షరం 14 పాయింట్లు, వయసు మళ్లినవారికైతే 16. అంతకన్నా చిన్నదైతే ఒత్తులు కలిసిపోతాయి. తప్పు భంగిమ బొమ్మ మీద ఎర్ర ఇంటూ గుర్తు వేసిన కాగితాలున్నాయి. జిరాక్స్‌లో ఆ గుర్తు వెలిసిపోతే, చేయొద్దన్నదే చేయమన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి తప్పు బొమ్మలు పూర్తిగా తీసేశాం. పాత పద్ధతి ‘అను’ తెలుగు ఫాంట్లలో చేసిన ఫైలు వేరే కంప్యూటర్‌లో గజిబిజి అవుతోంది, ఇకపై అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోనే. ఇంట్లో కాగితం చదివిపెట్టేది తరచూ ఇంగ్లీషు మీడియం పిల్లలు. వాళ్ల తెలుగు కూడబలుక్కోవడమే కాబట్టి వాక్యానికి ఒక్క పనే ఉంచాం.

ఖర్చు చందాలతో సరిపోయింది, లెక్కల పట్టిక కోశాధికారి దగ్గర చూడవచ్చు. వచ్చే ఏడాది కొబ్బరి దింపులో చెట్టు మీంచి పడినవారిని నడుం, మెడ వంగకుండా ఎలా కదపాలో రాయాలి. దింపు కార్మికులను పిలిచి చదివించాకే అచ్చుకిస్తాం. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయ్యాక ఆ పని మొదలవుతుంది, తీరిక ఉన్న సభ్యులు పేర్లు ఇవ్వగలరు.