ఈఎఫ్ బాగుందని ధీమా పడొద్దు

సంపాదకులకు,

గుండెలో ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటం లీకయ్యే రోగులు ఎకో రిపోర్టులో ‘ఈఎఫ్ 65 శాతం’ అని చూడగానే గుండె బాగానే ఉందనుకుంటారు. ఎడమ జఠరిక ముడుచుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటికి నెడుతోందో చెప్పేదే ఈఎఫ్. ఈ జబ్బులో ఆ అంకెను అంతగా నమ్మడానికి లేదు. ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు కొంత రక్తం బృహద్ధమనిలోకి కాక, వెనక్కి ఎడమ కర్ణికలోకి సులువుగా పోతుంది. ఈఎఫ్ లెక్కలో అదీ కలుస్తుంది. రిపేరుతో ఆ దొడ్డిదారి మూసుకున్నాక, దాగి ఉన్న కండర బలహీనత బయటపడి కొందరిలో ఈఎఫ్ 50 శాతం కంటే దిగువకు పడుతుంది. ఆపరేషన్ చక్కగా జరిగినా సరే.

స్ట్రెయిన్ ఇమేజింగ్ ఇక్కడే అక్కరకొస్తుంది. మామూలు ఎకో చిత్రాల్లోనే గుండె కండరంలోని చుక్కల కదలికను కంప్యూటర్ వెంబడించి, కండరం నిలువునా ఎంత శాతం కురచ అవుతోందో చెబుతుంది. ఆరోగ్యవంతుల్లో ఇది సుమారు మైనస్ 20. (మైనస్ చూసి టెన్షన్ పడనక్కర్లేదు, కురచ కావడానికి అది గుర్తు.) ఈఎఫ్ బాగున్నా ఈ అంకె సున్నా వైపు జరిగినవారిలో సర్జరీ తర్వాత గుండె పనితీరు తగ్గే అవకాశం ఎక్కువని పలు అధ్యయనాలు చూపాయి.

అయితే యంత్రాన్ని బట్టి, ఆనాటి బీపీని బట్టి ఇది మారుతుంది. లయ తప్పిన గుండెలో కొలవడమూ కష్టమే. సర్జరీ నిర్ణయానికి ఈఎఫ్‌కు 60 శాతం, జఠరిక ముడుచుకున్నప్పటి వ్యాసానికి 40 మిల్లీమీటర్లు అన్నట్టుగా స్ట్రెయిన్ అంకెకు అందరూ ఒప్పుకున్న హద్దు లేదు. అందుకే దీన్ని ఒక్కదాన్నే చూసి సర్జరీకి పంపమనడం లేదు. ఒకే రకం యంత్రం మీద ఎప్పటికప్పుడు తీసి పోల్చాలి. ఇంకొన్నాళ్లు ఆగొచ్చా అని రోగి అడిగినప్పుడు డాక్టర్లు ఆ అంకెలనూ చూసే జవాబు చెప్పాలి.

– ఒక పాఠకుడు