అంచు దగ్గర దాక్కునే కుట్టు

ఉప్పల్, హైదరాబాద్

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో "చదరం అల్లుదామని మొదలుపెడితే త్రికోణం అవుతోంది నాన్నా, ఇది నా చేతికి రాదేమో" అన్నావు. అప్పుడు మాటల్లో సరిగా చెప్పలేకపోయాను. నా మొదటి ముక్క కూడా అలాగే వచ్చిందమ్మా. పదిహేను కుట్లతో మొదలుపెడితే పదో వరుసకి తొమ్మిదే మిగిలాయి.

కొక్కెం సూదితో ఊలు అల్లే ఈ క్రోషేలో, సింగిల్ అనే కుట్టుతో అల్లేటప్పుడు వరుస చివరి కుట్టు కాస్త వంగి పక్కకి దాక్కుంటుంది. వరుస అయిపోయిందనుకుని ముక్క తిప్పేస్తాం. అక్కడ ఒక కుట్టు పోతుంది. తిప్పాక పైకి ఒక చైన్, అంటే లూపులోంచి దారం లాగి వేసే గొలుసు ముడి, వేస్తాం కదా, అదే మొదటి కుట్టు అనుకుని పక్క దాంట్లో సూది గుచ్చితే ఇంకొకటి పోతుంది. ఆ చైన్‌ని లెక్కలో వేసుకోకు. దాని మొదట్లో ఉన్న కుట్టులోనే గుచ్చాలి. ప్రతి వరుసలో మొదటి కుట్టుకీ చివరి కుట్టుకీ ఒక్కో పిన్నీసు పెట్టు. నాకు దారి చూపించింది ఆ పిన్నీసులే.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టు. పదహారు చైన్లు వదులుగా వేసుకో, సూది నుంచి రెండో దాంట్లో గుచ్చు. దారం కొక్కేనికి తగిలించి ఇవతలికి లాగితే సూది మీద రెండు లూపులు ఉంటాయి. మళ్ళీ దారం తగిలించి రెండింటిలోంచీ ఒకేసారి లాగెయ్. అంతే, ఒక కుట్టు. చైన్ చివరిదాకా వెళ్తే పదిహేను. పై వరుసల్లో కుట్టు నెత్తిన జడ పాయల్లా రెండు పోగులు కనిపిస్తాయి, ఆ రెండింటి కిందుగా గుచ్చు. ఇంకో మాట. నువ్వు చూస్తున్న వీడియో ఏ దేశం వాళ్ళదో గమనించు. అమెరికా వాళ్ళు సింగిల్ అనేదాన్ని బ్రిటన్ వాళ్ళు డబుల్ అంటారు. దాంతో నాకు రెండు సాయంత్రాలు పోయాయి.

ముదురు రంగు ఊలు మాత్రం వద్దు. మొదట నేను ముదురు నీలం తెచ్చుకున్నాను. రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఒక్క కుట్టూ కనిపించలేదు. తర్వాత మెట్రోలో ప్యారడైజ్ దాకా వెళ్ళి, జనరల్ బజార్ వైపు నడిచి లేత పసుపు ఊలు, 4 మిల్లీమీటర్ల సూది తెచ్చుకున్నాను. సన్న దారం జోలికి ఇప్పుడే పోకు.

ఆ సన్న దారంతోనే మీ మామ్మ జీవితమంతా అల్లింది. నరసాపురం పక్క పల్లెలో, మధ్యాహ్నం వంట అయ్యాక అరుగు మీద కూర్చునేది. ఏజెంటు దారం తెచ్చి ఇచ్చేవాడు, అల్లిన లేసు పట్టుకెళ్ళేవాడు. చేతికి వచ్చే డబ్బులు ఎంతో తక్కువ. అల్లుతున్నంతసేపూ పెదాలు కదుపుతూ ఉండేది, పిలిస్తే పలికేది కాదు. అమ్మకి కోపం వచ్చిందనుకుని నేను దూరంగా వెళ్ళిపోయేవాణ్ణి. ఇన్నేళ్ళకి, నా చేతిలో సూది పట్టుకుని "పదకొండు, పన్నెండు" అనుకుంటుంటే తెలిసింది తల్లీ, ఆమె కుట్లు లెక్కపెట్టుకునేది. మధ్యలో పలికితే లెక్క పోతుంది, లెక్క పోతే ఆ కాస్త కూలీ పోతుంది. 2024లో నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి పేరుతో ఉన్న ప్రత్యేకతకి ప్రభుత్వ గుర్తింపు, వచ్చిందన్న వార్త చూసి నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఆ రోజు ఆమె ఉండి ఉంటే బాగుండేది.

తప్పు జరిగితే టెన్షన్ పడకు. కుట్టు పూర్తయ్యాక సూది మీద ఉండేది ఒక్క లూపే. అది తీసి దారం లాగితే తప్పు జరిగిన చోటిదాకా విడిపోతుంది, అక్కడి నుంచి మళ్ళీ అల్లుకోవచ్చు.

కొరియర్‌లో లేత పసుపు ఊలు రెండు ఉండలు, ఒక సూది పంపుతున్నాను. అమ్మ కంది పొడి పెట్టింది. అడుగున తెల్ల గుడ్డలో చుట్టిన లేసు ముక్క మామ్మది, మన ఇంట్లో రేడియో మీద కప్పి ఉండేది. దాని అంచు ఒకసారి వేలితో తడిమి చూడు. పది వరుసలు అల్లాక నీ ముక్క ఫొటో పంపు, ఎలా వచ్చినా సరే.

నాన్న