సర్వర్ డైరీ ఎక్కడుంది?

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో సర్వర్ డౌన్ అయి జనం పడిగాపులు కాశారని వార్త వేశారు. అంతకు రెండు రోజుల ముందే మా నాన్నగారి ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం నేనూ ఒక సేవా కేంద్రంలో మూడు గంటలు కూర్చుని ఉత్త చేతులతో తిరిగొచ్చాను కాబట్టి ఆ వార్త ఆసాంతం చదివాను. కౌంటర్‌లో ఉన్న కుర్రాణ్ణి ఏమీ అనను, స్క్రీన్ మీద గిరగిరా తిరిగే చక్రం తప్ప పాపం అతనికీ ఏమీ కనపడదు. కానీ మీ విలేకరి ‘సాంకేతిక సమస్య అని అధికారులు తెలిపారు’ అని రాసి ఊరుకున్నారు చూడండి, అక్కడ చిరాకేసింది. ఏ సమస్య? ఎన్ని గంటలకు మొదలైంది? అడగొచ్చు కదా!

నేను పదమూడేళ్లుగా సర్వర్లు చూసుకునే పనే చేస్తున్నాను. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే సర్వర్ తన డైరీ తనే రాసుకోగలదు. సిస్‌స్టాట్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఉంది, అందులో ‘సార్’ అనే కమాండ్, లినక్స్‌కు ముందున్న యూనిక్స్ కాలం నుంచీ ఉన్న పేరే. (ఆఫీసుల్లో సార్‌ల సంగతేమో గానీ, ఈ సార్ అడిగితే జవాబు చెప్తాడు.) మామూలు సెట్టింగుల్లో పది నిమిషాలకోసారి, అంటే రోజుకి 144 సార్లు, ప్రాసెసర్ ఎంత పని చేసింది, మెమరీ ఎంత మిగిలింది, డిస్క్ కోసం ఎంత ఆగాల్సి వచ్చింది, నెట్‌వర్క్‌లో ఎంత వచ్చింది ఎంత పోయింది, అన్నీ ఫైల్‌లో రాసి పెడుతుంది. పక్కన మనిషి ఉండక్కర్లేదు, లైసెన్సు ఖర్చు లేదు.

ఒకసారి ఒక క్లయింటు దగ్గర రోజూ ఉదయం పదిన్నరకు అప్లికేషన్ నత్తనడక నడిచేది. వాడకం పెరిగింది, కొత్త సర్వర్ కొనాల్సిందే అని మీటింగుల మీద మీటింగులు. నేను వెళ్లి ఆ వారం ఫైళ్లు తెరిస్తే ప్రాసెసర్ చేస్తున్న పని నూటికి పాతిక వంతులు కూడా లేదు. ఐఓవెయిట్ అనే కాలమ్, అంటే డిస్క్ ఎప్పుడు జవాబిస్తుందా అని ప్రాసెసర్ చేతులు కట్టుకుని కూర్చున్న సమయం, 10:30 వరకూ 2, 3 ఉండి 10:40 వరసలో ఒక్కసారి 61కి ఎగిరింది, మళ్లీ 11:20కల్లా దిగిపోయింది. రోజూ అదే టైము. రాత్రి పదిన్నరకు నడవాల్సిన బ్యాకప్‌ను ఎవరో 24 గంటల లెక్కలో 22 అని రాయాల్సిన చోట 10 అని రాశారు! కొత్త సర్వర్ కొటేషన్ అక్కడితో చెత్తబుట్టలోకి పోయింది.

దీనికీ లోపాలున్నాయి. అది చూపేది పది నిమిషాల సగటు కాబట్టి, ఫలితాలు విడుదల చేసిన రోజు సైటు మొదటి అర నిమిషం ఉక్కిరిబిక్కిరై తేరుకుంటే ఆ వరస మామూలుగానే కనిపించొచ్చు. అలాంటి రోజుల్లో నిమిషానికోసారి రాయించాలి, మార్చాల్సింది ఒక్క లైను. ఇంకో తిరకాసు, డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల్లో చాలాకాలం ఇది ఇన్‌స్టాల్ చేసినా రికార్డింగ్ ఆఫ్‌లోనే ఉండేది, సెట్టింగుల ఫైల్‌లో ‘ఫాల్స్’ తీసి ‘ట్రూ’ పెట్టాలి. ప్యాకేజీ వేసి మూడేళ్లయినా ఒక్క రోజు లెక్క కూడా లేని సర్వర్లు చూశాను.

మరి సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చుగా అంటారు. జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువుంది. ఈ ఫైళ్లేమో సెట్టింగు మార్చకపోతే కొన్ని సర్వర్లలో 7 రోజులు, రెడ్‌హ్యాట్ రకం లినక్స్‌లో 28 రోజులు ఉండి వాటంతటవే చెరిగిపోతాయి. జవాబొచ్చేసరికి రికార్డు ఉండదు, ‘సమాచారం అందుబాటులో లేదు’ అని నిజాయితీగానే రాసి పంపొచ్చు! సైబర్ భద్రత కోసం లాగ్‌లను, అంటే సర్వర్లలో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులను, 180 రోజులు దాచమని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. జనం క్యూ కట్టే ప్రతి సర్వర్‌లో ఈ లెక్కలను కూడా అన్ని రోజులూ ఉంచితే పోయేదేముంది, పెద్ద ఫైళ్లేం కావు. ఆధార్ నంబర్లు, పేర్లు ఏవీ వాటిలో ఉండవు, ఉత్త అంకెలే, కాబట్టి నెలకోసారి బయటపెట్టినా రహస్యాలేం పోవు.

ఈసారి ఎవరైనా సాంకేతిక సమస్య అంటే, ఆ గంట సార్ రిపోర్టు ఉందా, ఏ కాలమ్ పెరిగింది, అసలు రికార్డింగ్ ఆన్‌లో ఉందా అని మీ విలేకరిని అడగమనండి. గత వారం వార్తలోని సర్వర్‌లో 7 రోజుల సెట్టింగే ఉంటే ఆ రోజు ఫైలు ఈపాటికి పోయే ఉంటుంది. 28 అయితే ఇంకా ఉంటుంది, ఇవాళే ఫోన్ చేయించండి.

– ఒక సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్