డైనోబాట్ ఆగిన చోటు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల టీవీ గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. రూపం మార్చుకునే రోబోల కార్టూన్లన్నీ బొమ్మలు అమ్ముకోవడానికి తీసిన ప్రకటనలేనని, పిల్లల్ని వాటి దరిదాపులకు పోనివ్వద్దని రాశారు. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఒక్క ఎపిసోడ్ గురించి మీతో చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

బొమ్మల మాట నిజమే. జపాన్‌లో తకారా చేసిన బొమ్మల్ని అమెరికాలో హాస్‌బ్రో అమ్మకానికి పెట్టింది. వాటికోసమే 1984లో ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ సీరియల్ మొదలైంది. కొత్త బొమ్మలకు చోటు కావాలని 1986 సినిమాలో నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌నే చంపేశారు. పిల్లలు తల్లడిల్లిపోయారు, మరుసటి ఏడాది సీరియల్లో మళ్లీ బతికించారు. ఇక్కడిదాకా మీ మాటే నా మాట.

అదే వంశంలో తర్వాత వచ్చింది ‘బీస్ట్ వార్స్’. కెనడాలో మెయిన్‌ఫ్రేమ్ సంస్థ కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో తీసింది. ఇందులో రోబోలు జంతువులుగా మారతాయి. తొమ్మిదేళ్ల మా మనవడు చూస్తూ చూస్తూ, “అమ్మమ్మా, చచ్చిపోతానని వాడికి ముందే తెలుసా?” అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. మొదటినుంచి మళ్లీ పెట్టించుకుని వాడి పక్కనే కూర్చున్నాను. అది 1998లో వచ్చిన ‘కోడ్ ఆఫ్ హీరో’ అనే ఎపిసోడ్, రాసింది ఇయాన్ వియర్.

మా వాడు అడిగింది డైనోబాట్ అనే రోబో గురించి. ఇతను శత్రువుల పక్షం వదిలి మంచివాళ్ల వైపు వచ్చినవాడు. విభీషణుడి వరస అనుకోండి, కానీ ఇతనికి మనశ్శాంతి లేదు. మధ్యలో ఒకసారి మళ్లీ అటు వెళ్లి వచ్చిన తప్పు లోపల తొలుస్తూనే ఉంటుంది. భవిష్యత్తును చూపించే బంగారు ఫలకం శత్రునాయకుడు మెగాట్రాన్ చేతిలో ఉంది. అతడు ఒక కొండను పేల్చేయగానే ఫలకంలోని దృశ్యం మారిపోతుంది. అంటే భవిష్యత్తు ముందే రాసిపెట్టి లేదు! ఇక మెగాట్రాన్ ఆదిమ మానవులున్న లోయను తుడిచిపెడితే మనుషుల చరిత్రే ఉండదు. తోడు ఎవరూ లేరు. లోయ అంచున నిలబడి డైనోబాట్ అనుకుంటాడు: ఏం చేయాలన్నది నా చేతుల్లోనే ఉందని తేలింది, తీరా ఇప్పుడు నాకు వేరే దారే లేదు. మా వాడు అక్కడ పాజ్ నొక్కి, “వెళ్లిపోవచ్చు కదా, ఎవరూ చూడట్లేదు” అన్నాడు. కావ్యాల్లో ఉత్తమ నాయకుడైన ధీరోదాత్తుడి లక్షణాలు తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. ఏ పిల్లవాడూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు.

ఒంట్లో శక్తి అయిపోయాక కర్రకు రాయి కట్టుకుని మరీ పోరాడతాడు. మిగిలిన ఆఖరి శక్తితో ఆ ఫలకాన్ని పేల్చేస్తాడు. నేను చేసిన మంచితో పాటు చెడునూ ఉన్నదున్నట్టు చెప్పండని స్నేహితుల్ని కోరి, షేక్స్‌పియర్ నాటకంలో హామ్లెట్ అన్న చివరి మాటతో, ‘ఇక మిగిలింది మౌనమే’ అంటూ కన్ను మూస్తాడు. తర్వాత ఒక ఆదిమ మానవుడు ఆ రాయి కట్టిన కర్రను చేతిలోకి తీసుకుంటాడు. నాకు కళ్లు తడిశాయి.

అన్నీ ఇలాంటివేనని నేను అనను. చాలా ఎపిసోడ్లు ఉత్త కొట్లాటలే. అందుకే అడుగుతున్నాను, అన్నిటినీ ఒకే గాట కట్టకండి. సినిమాలకు రాసినట్టే, పిల్లల పేజీలో వారానికి ఒక ఎపిసోడ్ గురించి రాయించండి. పేరు, రాసినవారి పేరు, ఎన్నేళ్ల పిల్లలు చూడొచ్చో, పెద్దవాళ్లు పక్కన ఉండాలో అక్కర్లేదో చెప్పండి. మొదటి వారం దీని గురించే వేయండి. దీనికి మాత్రం పక్కన ఉండాలి.

– ఒక రిటైర్డ్ తెలుగు టీచర్