జంతికలకు 20 పెంచాం, సున్నుండలకు 10 తగ్గించాం

మా పిండివంటల దుకాణానికి వచ్చే అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం.

సోమవారం నుంచి జంతికలు, చేగోడీలు కిలోకి 20 రూపాయలు పెరుగుతాయి. సున్నుండలు కిలోకి 10 రూపాయలు తగ్గుతాయి. "2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గింది కదమ్మా, మీరు పెంచడమేంటి?" అని చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన మాటే.

ప్యాక్ చేసి అమ్మే కారప్పూస, మిక్చర్ లాంటి వాటిమీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, నిజమే. మేం చిన్న వ్యాపారుల కోసం జీఎస్టీలో ఉన్న కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నాం. మీ బిల్లులో జీఎస్టీ వేయం, వేయకూడదు కూడా. అమ్మకాల మీద 1 శాతం మూడు నెలలకోసారి మేమే కడతాం. మీ దగ్గర అసలు తీసుకోని పన్నును తగ్గించేదెలా? పైగా సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను మాకు వెనక్కి రాదు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ మీద పడే 18 శాతం కూడా మా ఖర్చులోకే పోతుంది.

అసలు దెబ్బ నూనెది. మనం వాడే సన్‌ఫ్లవర్ నూనె చాలావరకు బయటి దేశాల నుంచి వచ్చేదే. 2024 సెప్టెంబరులో దిగుమతయ్యే ముడి వంటనూనెల మీద మొత్తం సుంకం 5.5 శాతం నుంచి ఒకేసారి 27.5 శాతానికి పెంచారు. 2025 మే నెలాఖరులో 16.5కి తగ్గించారు, అంటే పాత రేటుకు ఇప్పటికీ మూడింతలు. ఇన్నాళ్లూ పాత ధరకే నెట్టుకొచ్చాం, ఇక వల్ల కావడం లేదు.

నెయ్యి సంగతి వేరు. దానిమీద పన్ను 12 నుంచి 5కి తగ్గింది, మాకు కిలోకి 40 రూపాయలు కలిసొస్తోంది. కిలో సున్నుండలకు పావుకిలో పైనే నెయ్యి పడుతుంది. అంటే కిలోకి మాకు మిగిలేది 10 రూపాయలు. అది మీదే. డాల్డా కలిపితే ఇంకా చాలా మిగులుతుందని సలహా ఇచ్చినవాళ్లున్నారు. డాల్డా ఉండ నోట్లో కరగదు, అంగిటికి మైనంలా పట్టేస్తుంది. పిల్లలు తినేది, ఆ పని చేయం. కాగి నల్లబడిన నూనెలో మళ్లీ వాయి వేయడం కూడా మా దగ్గర ఉండదు.

మీ ఇళ్లలో పరిస్థితీ కనిపిస్తూనే ఉంది. నెలకు కిలో జంతికలు తీసుకెళ్లే ఒక టీచరమ్మగారు ఈమధ్య పావుకిలోతో సరిపెడుతున్నారు. "అద్దె, స్కూలు ఫీజులు, కరెంటు బిల్లు పోగా మిగిలితే కదమ్మా" అన్నారు. జీతం అదే, ఇంటికి చేరేసరికి విలువ తగ్గిపోతోంది. ఆ మాట విన్నాక చాలా బాధేసింది. అందుకే ఇకనుంచి అన్ని రకాలూ 100 గ్రాముల ప్యాకెట్లలోనూ ఇస్తాం, కిలో రేటు లెక్కనే. ధర అలాగే ఉంచి లోపల బరువు తగ్గించడం మాత్రం ఎప్పటికీ చేయం. అనుమానం వస్తే కౌంటర్ మీద కాటా ఉంది, తూచి చూసుకోండి.

నెలవారీ ఖాతాలు ఉన్నవాళ్లవి అలాగే సాగుతాయి. కొత్త ఖాతాలు ప్రస్తుతానికి తెరవలేం, నూనె డబ్బాలు మాకెవరూ అరువివ్వడం లేదు.

సంక్రాంతి అరిసెలకు బియ్యం ముందురోజే నానబెట్టాలి, తడిపిండి ఆడించాలి. కావలసినవాళ్లు వారం ముందే చెప్పండి. అరకిలో అయినా సరే, చేసిస్తాం.