ఉసిక్‌దేరా, రాసిపెట్టుకో

రాయపురం, చెన్నై
21 డిసెంబర్ 2024, శనివారం

ఒరేయ్ శీనూ,

ఇన్నాళ్లూ రాయలేదని కోపంగా ఉంటావు, క్షమించు. అమ్మ మోకాలు నయం, చెల్లి పరీక్షలయ్యాయి, నీ పుస్తకాలు పదిలం. ఇక అసలు సంగతికొస్తా. ఈ రాత్రి రియాద్‌లో హెవీవెయిట్ బాక్సర్లు టైసన్ ఫ్యూరీ, ఒలెక్సాండర్ ఉసిక్‌ల రెండో పోటీ, మనకి తెల్లవారుజామున. ఈ ఉత్తరం అందేసరికి ఫలితం తెలిసిపోతుంది నీకు, అందుకే తేదీ వేసి మరీ రాస్తున్నా: ఉసిక్ పాయింట్ల మీద గెలుస్తాడు.

టీకొట్టు దగ్గర ఒకటే గొడవ. 1980లో మహమ్మద్ అలీ వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ఆడిన ఊరు కదా, ఇక్కడి పెద్దలకి గుద్దుల సంగతి మనం చెప్పక్కర్లేదు. అయినా ఈసారి చాలామంది తూకం చూసి మోసపోతున్నారు. నిన్న ఫ్యూరీ 281 పౌండ్లు, ఉసిక్ 226. బట్టలతో తూగారనుకో, అయినా తేడా పాతిక కిలోలు. నువ్వు ‘లిఫ్టు’ అని పేరుపెట్టిన పెద్దాయన మాట ఏంటంటే, ఫ్యూరీ పట్టుకుని మెడమీద వాలితే చాలు, ఆరో రౌండుకి ఉసిక్ కాళ్లు అయిపోతాయట.

పట్టుకోవాలంటే దొరకాలి కదరా! ఉసిక్‌ది ఎడమచేతివాటం, కుడికాలు ముందు. ఆ పాదం ఫ్యూరీ ఎడమపాదానికి బయటివైపు పడిందా, ఎడమచేత్తో తిన్నగా కొట్టే గుద్దుకి (స్ట్రెయిట్) గడ్డం దాకా దారి తెరుచుకుంటుంది. కొట్టగానే కుడివైపుకి జరిగిపోతాడు, ఫ్యూరీ మళ్లీ తిరిగి నిలబడాలి. ఆ తిరగడమే బరువున్నవాడి కాళ్లని తినేస్తుంది. మేలో మొదటి పోటీకి 262 పౌండ్లతో వచ్చినప్పుడే ఎనిమిదో రౌండు నుంచి తడబడ్డాడు. ఇప్పుడు ఇంకా బరువెక్కాడు.

ఆ మే 18 లెక్క మళ్లీ వేశాను, చూడు. ముగ్గురు జడ్జీల కార్డులు: 115-112, 114-113 ఉసిక్‌కి, 114-113 ఫ్యూరీకి. తొమ్మిదో రౌండులో ఫ్యూరీ తాళ్లమీద పడ్డాడని రిఫరీ కౌంటు చదివాడు కదా, పడ్డందుకు ఇంకో పాయింటు పోయింది, అందుకే ఆ రౌండు 10-8. కౌంటు లేక 10-9 అయ్యుంటే రెండో కార్డు 114-114. ఒకటి ఉసిక్‌కి, ఒకటి ఫ్యూరీకి, ఒకటి సమానం, అంటే డ్రా! ఒక్క పాయింటు తేడాతో నాలుగు ఛాంపియన్ బెల్టులూ ఉసిక్ ఒక్కడి దగ్గరే చేరాయి. మన కొబ్బరికాయ లెక్కే ఇది, నీకే అర్థమవుతుంది.

భయం లేదని కాదు. మేలో ఆరో రౌండులో ఫ్యూరీ అప్పర్‌కట్లు (కిందినుంచి పైకి కొట్టే గుద్దులు) ఉసిక్‌ని నిజంగా కదిలించాయి, పొట్టమీద దెబ్బలూ బాగా పడ్డాయి. ఈసారి వాటిని రెండో రౌండు నుంచే మొదలుపెడితే... ఉసిక్ మోచేతులు కిందికి దిగుతాయి, గడ్డం బయటపడుతుంది, అప్పుడు ఆ 85 అంగుళాల చేతులు... వద్దు, అటు ఆలోచించను. ఉసిక్‌కి ఎనిమిది రౌండ్లు, ఫ్యూరీకి నాలుగు. నాకౌట్ ఉండదు. మొదటి రెండు రౌండ్లు చేతులు చూడకు, ముందుపాదాలు మాత్రమే చూడు, ఎవరిది బయట ఉందో.

రవి సెంట్రల్‌కి బయల్దేరుతున్నాడు, ఉత్తరం వాడితోనే పంపాలి. లిఫ్టు గారు ఇంకో మాటన్నారు, రిఫరీ పట్టులని ఎంత త్వరగా విడదీస్తాడన్న దాన్నిబట్టే... రవి కేకలేస్తున్నాడు, ఉంటాను.

నీ
మధు