కరీంనగర్ తమ్ముడికి, ఇంకా మాకోసం కష్టపడ్డ అందరికీ థాంక్స్

కళ్ళు మండుతున్నాయి, అయినా ఇది రాసేశాకే పడుకుంటాను. ఆఫీసు ఫైళ్ళుండే డ్రైవ్ ఇంటి నుంచి ఓపెన్ అయింది. నా చేతిలో ఉన్న టాక్స్ ఆడిట్ రిపోర్టులన్నీ సెప్టెంబర్ 30 దాటకుండా అప్‌లోడ్ అయిపోయాయి. ఇందులో నా గొప్పేం లేదు, నేను ఇంతవరకూ మొహం కూడా చూడని ఒక తమ్ముడి పుణ్యం.

నాన్న జారిపడి తుంటి ఎముక విరిగింది, గుంటూరులో ఆపరేషన్ చేయించి తెనాలి ఇంటికి తీసుకొచ్చాం. నేను చేసేది హైదరాబాద్‌లో ఒక సీఏ ఆఫీసులో. మా సార్ మంచాయన, అక్కణ్ణుంచే చేసుకోమ్మా వీపీఎన్ ఉందిగా అన్నారు. వీపీఎన్ అంటే ఇంట్లో కూర్చుని నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే రహస్య దారి. క్లయింట్ల ట్యాలీ బ్యాకప్‌లు, ఆడిట్ ఫారం 3సీడీ వర్కింగ్స్, స్కాన్ చేసిన వోచర్లు అన్నీ ఆఫీసులో ఉన్న నాస్ బాక్సులోనే (అందరి ఫైళ్ళూ దాచే పెట్టె) ఉంటాయి, మాకు అది జెడ్ డ్రైవ్‌లా కనిపిస్తుంది. తెనాలిలో కూర్చుని వీపీఎన్ పెడితే కనెక్టెడ్ అని పచ్చగా చూపిస్తోంది, డ్రైవ్ మీద మాత్రం ఎర్ర ఇంటూ మార్కు, నొక్కితే నెట్‌వర్క్ పాత్ దొరకలేదు అని మెసేజ్.

ఆఫీసుకి సపోర్ట్ ఇచ్చే కంపెనీకి ఫోన్ చేస్తే వీపీఎన్ కనెక్ట్ అయింది కదా మేడం, మా వైపు అంతా ఓకే అన్నారు. నెట్ కంపెనీకి చేస్తే స్పీడ్ వస్తోంది కదా, మాకు సంబంధం లేదు అన్నారు. ఇటు వాళ్ళు అటు చూపించడం, అటు వాళ్ళు ఇటు చూపించడం. ఇంతలో ఫోన్‌కి మెసేజ్, మీ సమస్య పరిష్కరించబడింది, టికెట్ క్లోజ్ చేశాం, రేటింగ్ ఇవ్వండి అని! ఎవరు పరిష్కరించారు, ఎప్పుడు? పైగా సపోర్ట్ అతను ఇచ్చిన సలహా ఏంటంటే వీపీఎన్ తీసేసి ఫైళ్ళు పంచుకునే తలుపు లాంటి 445 పోర్టు డైరెక్టుగా ఇంటర్నెట్‌కి ఓపెన్ చేసేద్దాం, ఈజీగా వస్తుంది అని. సంవత్సరం సంవత్సరం ఏఎంసీ అని మెయింటెనెన్స్ డబ్బులు కట్టించుకునే వాళ్ళు చెప్పాల్సిన మాటేనా అది.

ఇదంతా నా స్కూల్ ఫ్రెండ్‌తో ఏడుస్తూ చెప్తే తను ఆ వాయిస్ మెసేజ్‌ని వాళ్ళ తమ్ముడి ఫ్రెండ్‌కి పంపింది. ఆ అబ్బాయిది కరీంనగర్, బెంగళూరులో ఒక డేటా సెంటర్లో నైట్ షిఫ్ట్ చేస్తాడు, ఆ రోజు వీక్ ఆఫ్. వీక్ ఆఫ్ రోజు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి తనే ఫోన్ చేశాడు. నా కంప్యూటర్‌ని తనే దూరం నుంచి నడుపుకునేలా నేను వెంటనే ఎనీడెస్క్ నంబర్ ఇవ్వబోతే, "వద్దక్కా, ఎవ్వరికీ ఇయ్యకుండ్రి, అండ్ల మీ క్లయింట్ల లెక్కలుంటయి, నేను చెప్త మీరు టైప్ చేయుండ్రి, జల్దీ ఏం లేదు" అన్నాడు. 445 సంగతి చెప్తే మాత్రం గట్టిగానే వద్దన్నాడు. 2017 మేలో వాన్నాక్రై, అదే ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్, పాకింది ఆ పోర్టు మీదుగానేనట, అప్పుడు మన ఏపీ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి.

ముందు నాస్ పేరు బదులు దాని ఐపీ నంబర్, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రస్, కొట్టించాడు, రాలేదు. తర్వాత ఆ నంబర్‌కే, 192.168.1.50కి, పింగ్ చేయించాడు, అంటే ఉన్నావా అని పలకరించడం. రిప్లై వచ్చింది! నేను సంబరపడిపోయాను, అతను మాత్రం "ఎన్ని మిల్లీ సెకండ్లు చూపిస్తుందక్కా?" అని అడిగాడు. 3 అన్నాను. కాసేపు ఆగి, తెనాలి నుంచి హైదరాబాద్‌కి వీపీఎన్‌లో పోయి 3లో తిరిగి రాదక్కా, ఇది మీ ఇంట్లనే ఎవరో పలుకుతున్నరు అన్నాడు. వీపీఎన్ తీసేసి మళ్ళీ పింగ్ చేయమన్నాడు, అప్పుడూ రిప్లై వచ్చింది! చూస్తే అది నాన్న గదిలో ఉన్న టీవీ. ఇంట్లో రౌటరూ 192.168.1 సిరీసే, ఆఫీసులో రౌటరూ అదే, కంపెనీ నుంచి వచ్చిన నంబర్లే రెండు చోట్లా అలాగే ఉన్నాయి. రెండు ఊళ్ళలో ఒకే వీధి పేరు ఒకే డోర్ నంబర్ ఉంటే పోస్ట్‌మ్యాన్ దగ్గరలో ఉన్న ఇంటికే ఉత్తరం వేసేస్తాడు, అట్లనే అక్కా అని చెప్పాడు. ఇంట్లో రౌటర్ సిరీస్‌ని 192.168.77కి మార్పించాడు, అంతా రీస్టార్ట్ చేశాక పింగ్ 28 చూపించింది, ఐపీ కొడితే ఫోల్డర్లు వచ్చేశాయి. పేరుతో మాత్రం రాలేదు. ఈ పేరు ఎవరిది అని కంప్యూటర్ వేసే కేక ఇంటి నెట్‌వర్క్ దాటి వీపీఎన్‌లోకి పోదట, అందుకని జెడ్ డ్రైవ్‌ని ఐపీతోనే మ్యాప్ చేయించాడు.

అక్కడితో అయిపోలేదు. ఫోల్డర్లు కనిపిస్తున్నాయి, చిన్న ఫైళ్ళు వస్తున్నాయి, ట్యాలీ బ్యాకప్ లాంటి పెద్దవి కాపీ పెడితే అలాగే బిగుసుకుపోతున్నాయి. నాకు ఓపిక అయిపోయింది, రేపు చూద్దాం తమ్ముడూ అన్నా. "ఇంకొక్కటే అక్కా, ఎంటీయూ అయ్యుంటది" అన్నాడు, ఒక్క విడతలో పట్టే డేటా మూట సైజు అన్నమాట. సైజులు మార్చి మార్చి పింగ్ చేయించాడు. 1472 బైట్ల మూట వెనక్కి కొట్టింది, 1400 కూడా పోలేదు, 1322కి వెళ్ళింది. దానికి మూట మీద అడ్రస్ చీటీ లాంటి హెడర్ 28 బైట్లు కలిపి 1350 పెట్టించాడు వీపీఎన్‌కి. వీపీఎన్ టన్నెల్ తన కవర్ తను చుట్టుకుంటుంది కాబట్టి లోపల పట్టే సరుకు తగ్గుతుందట. మళ్ళీ కాపీ పెట్టాను, ఆ ఆకుపచ్చ గీత ఆగకుండా చివరిదాకా వెళ్ళింది. ఇంత చేసి ఒక్కసారి కూడా విసుక్కోలేదండీ, ఇది కూడా తెలీదా అన్న స్వరం కూడా రాలేదు.

పొద్దున లేచేసరికి వాట్సాప్‌లో ఒక ఫోటో. తెల్ల కాగితం మీద తన చేత్తో తెలుగులో అన్ని స్టెప్పులూ వరసగా రాసి పంపాడు, రౌటర్ రీసెట్ అయితే ఏం చేయాలో, 1350 ఎక్కడ పెట్టాలో, అన్నీ. "నేను డ్యూటీల ఉంటే ఫోన్ ఎత్తకపోవచ్చు, మీరు ఆగం కావొద్దని" అని కింద. దాని కింద ఇంకో లైను: "నాన్నకు 10 గంటలకు డ్రెస్సింగ్ అన్నరు కదా, మర్చిపోకుండ్రి." నేను మధ్యలో ఎప్పుడో మాటవరసకి అన్నాను అది. రూటింగ్, ఎంటీయూ మధ్యలో ఆ మాట గుర్తుపెట్టుకున్నాడు. అప్పటిదాకా హాస్పిటల్లో కూడా గట్టిగానే ఉన్నదాన్ని, ఆ లైను చదివి వంటింట్లో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. డబ్బులు పంపిస్తానంటే ఒప్పుకోలేదు, పేరు కూడా పెట్టొద్దన్నాడు. తమ్ముడూ, నువ్వు ఇది చదువుతావని తెలుసు. తెనాలి వైపు వస్తే మా ఇంట్లో భోంచేయకుండా వెళ్ళడానికి లేదు.

మా ఆయన, చెల్లి నాన్నని చూసుకోబట్టే నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చోగలిగాను, వాళ్ళకి థాంక్స్ చెబితే తిడతారు కాబట్టి చెప్పను.

అయ్యో, రౌటర్ పాస్‌వర్డ్ ఇచ్చిన మా నెట్ లైన్ అబ్బాయిని మర్చిపోయా, కంపెనీ పట్టించుకోకపోయినా తను రాత్రిపూట బండి మీద వచ్చాడు. ఆఫీసులో ఆర్టికల్ (సీఏ ట్రైనింగ్) చేసే పిల్ల నాస్ వెనకాల టార్చ్ వేసి స్టిక్కర్ ఫోటో తీసి పంపింది, తనకీ థాంక్స్. వాచ్‌మ్యాన్ తాతగారు ఆ టైంలో తాళం తీయకపోతే ఆ అమ్మాయి లోపలికే వెళ్ళలేకపోయేది, ఆయనకి ఫోన్లో ఇవి చదవడం రాదు, ఆఫీసువాళ్ళు ఎవరైనా చదివి వినిపించండి ప్లీజ్.